లోపాన్ని వెతుకుతూ ఎదిగిన శాస్త్రం: ఏకముఖ విద్యుత్ వలయాల చరిత్ర

1. ఉపోద్ఘాతం

ఈ పాఠం మొదలుపెట్టే ముందు మీ ఇంట్లోని టార్చిలైటును ఒకసారి గుర్తుకు తెచ్చుకోండి. స్విచ్చి నొక్కారు, వెలగలేదు. మొదట ఏం చేస్తారు? చాలామంది అరచేతిలో రెండు దెబ్బలు కొడతారు. అప్పటికీ వెలగకపోతే సెల్లులు మారుస్తారు, ఆ తరువాత బల్బు మారుస్తారు. చివరికి ఎక్కడో ఒక స్ప్రింగుకు పట్టిన చిలుమును గీకగానే టార్చి వెలుగుతుంది. డబ్బు ఖర్చయింది, కాలం ఖర్చయింది. లోపం మాత్రం మనం మార్చిన వస్తువుల్లో లేదు.

ప్రయోగశాలలో విద్యార్థులు కూడా ఇదే దారిలో నడవడం నేను చాలా ఏళ్ళు చూశాను. గాల్వనోమీటరు ముల్లు కదలకపోతే ముందుగా బ్యాటరీని అనుమానిస్తారు. తీగ కొసలపై ఉన్న ఎనామిల్ పూతను గీకారా అని అడిగితే అప్పుడు చూసుకుంటారు. ఇది తెలివికి సంబంధించిన లోటు కాదు. వలయాన్ని ఒక మొత్తంగా చూడకుండా విడివిడి వస్తువులుగా చూసే అలవాటు దీనికి కారణం.

పాఠ్యపుస్తకాలలో ఏకముఖ విద్యుత్తు చరిత్ర సాధారణంగా కొన్ని పేర్ల వరుసగా కనిపిస్తుంది: వోల్టా, ఓమ్, వీట్‌స్టన్, థామ్సన్. ఆ పేర్ల వెనుక మరో చరిత్ర ఉంది. మీరు నేడు వాడే ఓమ్, వోల్ట్ వంటి ప్రమాణాలు, నిరోధాన్ని కొలిచే పద్ధతులు చాలావరకు పనిచేయని వలయాలను సరిచేయవలసి వచ్చిన అవసరం వల్లనే స్థిరపడ్డాయి. ఆ చరిత్ర తెలిస్తే ఓమ్ నియమం పరీక్షకు కంఠస్థం చేసే సూత్రంగా కాక, చేతికి అందివచ్చే పనిముట్టుగా కనిపిస్తుంది.

2. నిలకడగా పారే విద్యుత్తు

18వ శతాబ్దంలో విద్యుత్తు అంటే ప్రధానంగా రాపిడి వల్ల పుట్టేదే. లైడెన్ జాడీలో దాన్ని నిలవ చేసేవారు. తాకగానే ఒక్క క్షణంలో నిప్పురవ్వగా ఖర్చయిపోయేది. అలాంటి విద్యుత్తుతో వలయాన్ని తీరికగా పరిశీలించడం సాధ్యం కాదు.

ఇటలీలోని బొలోనాలో లూయిజీ గాల్వానీ, కోసిన కప్ప కాలికి రెండు లోహాలు తగిలినప్పుడు కండరం ఎగిరిపడటం గమనించి 1791లో ప్రచురించాడు. విద్యుత్తు ప్రాణి శరీరంలోనే ఉందని ఆయన భావించాడు. పావియాలో ఆచార్యుడైన అలెస్సాండ్రో వోల్టా దీన్ని అంగీకరించలేదు. కారణం రెండు వేర్వేరు లోహాల కలయికలో ఉందని వాదించాడు. వెండి, జింకు బిళ్ళలను జతలుగా పేర్చి, జతల మధ్య ఉప్పునీటిలో తడిపిన అట్టముక్కలు ఉంచి ఘటమాలను తయారుచేశాడు. దాని వివరాలను 1800 మార్చి 20న లండన్ రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు ఉత్తరంగా పంపాడు.

ఘటమాల వచ్చాక విద్యుత్తు ఒకే దిశలో ఎడతెగకుండా పారడం సాధ్యమైంది. దీన్నే మనం ఏకముఖ విద్యుత్ ప్రవాహం అంటున్నాం. 1820లో డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు ఓయెర్‌స్టెడ్, ప్రవాహం ఉన్న తీగ దగ్గర అయస్కాంత సూచి పక్కకు తిరుగుతుందని కనుగొన్నాడు. అదే సంవత్సరం ష్వైగర్ తీగను అనేక చుట్లుగా చుట్టి ఆ ప్రభావాన్ని పెంచాడు. కంటికి కనిపించని ప్రవాహాన్ని కనిపెట్టే గాల్వనోమీటరుకు ఇదే ఆరంభం.

అయితే వోల్టా ఘటమాలకు ఒక పెద్ద బలహీనత ఉంది. వాడుతున్న కొద్దీ లోహపు పలకపై హైడ్రోజన్ బుడగలు చేరి ప్రవాహం తగ్గిపోయేది. ఇప్పుడు కొలిచిన విలువ పది నిమిషాల తరువాత ఉండేది కాదు. ఈ బలహీనత ఒక ఉపాధ్యాయుడిని తప్పుదారి పట్టించింది. ఆ తప్పును సరిదిద్దుకునే ప్రయత్నంలోనే ఆయనకు అసలు నియమం దొరికింది.

3. ఓమ్ చేసిన తప్పు, ఓమ్ కనుగొన్న నియమం

గియోర్గ్ సైమన్ ఓమ్ జర్మనీలోని కొలోన్ నగరంలో పాఠశాల ఉపాధ్యాయుడు. తీగ పొడవు పెరిగితే ప్రవాహం ఎలా తగ్గుతుందో తెలుసుకోవాలని ప్రయోగాలు చేసి 1825లో ఒక పత్రం ప్రచురించాడు. అందులో ఇచ్చిన సూత్రం లాగరిథమ్ రూపంలో ఉంది. అది తప్పు. ఆయన కొలిచింది తీగ ప్రభావాన్ని మాత్రమే కాదు, ప్రయోగం సాగుతుండగా బలం మారిపోతున్న ఘటం ప్రభావాన్ని కూడా. రెండూ కలిసిపోయాయి.

శాస్త్ర పత్రిక సంపాదకుడు పోగెన్‌డార్ఫ్ ఒక సలహా ఇచ్చాడు: రసాయన ఘటం బదులు ఉష్ణయుగ్మం వాడమని. రెండు వేర్వేరు లోహాలను కలిపి ఒక సంధిని వేడిగా, మరొకదాన్ని చల్లగా ఉంచితే విద్యుత్తు పుడుతుందని అప్పటికే సీబెక్ చూపించాడు. ఓమ్ బిస్మత్, రాగితో ఉష్ణయుగ్మం తయారుచేసి ఒక సంధిని మరిగే నీటిలో, రెండోదాన్ని మంచులో ఉంచాడు. ఈ రెండు ఉష్ణోగ్రతలు మారవు కనుక విద్యుచ్ఛాలక బలం కూడా నిలకడగా ఉంది. ఒకే మందం, వేర్వేరు పొడవులు గల ఎనిమిది రాగి తీగలను ఒకదాని తరువాత ఒకటి వలయంలో చేర్చి, అయస్కాంత సూచి ద్వారా ప్రవాహాన్ని కొలిచాడు. 1826లో వచ్చిన ఫలితాన్ని నేటి మాటల్లో ఇలా రాయవచ్చు:

ప్రవాహం = విద్యుచ్ఛాలక బలం ÷ (వలయంలోని మిగతా భాగాల నిరోధం + పరీక్షిస్తున్న తీగ నిరోధం)

ఈ సమీకరణంలో "మిగతా భాగాల నిరోధం" అనే పదాన్ని గుర్తుపెట్టుకోండి. ఓమ్ పరీక్షించాలనుకున్నది ఎనిమిది తీగలను. కానీ తీగ పొడవును ఎంత తగ్గించినా ప్రవాహం ఒక హద్దును దాటలేదు. వలయంలో మరేదో కూడా అడ్డుపడుతోందని దాని అర్థం. సంధులు, కలిపే తీగలు, చివరికి విద్యుత్తును పుట్టించే జనకం కూడా వలయంలో భాగాలేనని ఆ పదం చెబుతోంది. టార్చిలోని చిలుము దాక్కునే చోటు ఇదే. ఈ పాఠమంతా ఒక రకంగా ఆ ఒక్క పదం కథే.

ఓమ్ తన సిద్ధాంతాన్ని 1827లో బెర్లిన్‌లో పుస్తకంగా ప్రచురించాడు. దానికి తగిన గుర్తింపు వెంటనే రాలేదు. 1841లో రాయల్ సొసైటీ ఆయనకు కోప్లీ పతకం ఇచ్చింది. ఆ మధ్యకాలంలో యూరప్‌లో మరో మార్పు వచ్చింది. ఓమ్ నియమం లేకపోతే పని జరగని ఒక పరిశ్రమ పుట్టింది. అదే తంతి.

4. తంతి లైన్లు: వలయం ఊళ్ళు దాటిన వేళ

1836లో డేనియల్ ఘటం వచ్చింది. ఇది చాలాసేపు నిలకడగా ప్రవాహాన్ని ఇవ్వగలదు. మరుసటి సంవత్సరమే ఇంగ్లండులో కుక్, వీట్‌స్టన్ తంతి పరికరానికి పేటెంటు పొందారు. ప్రయోగశాల బల్లమీద కొన్ని అడుగులున్న వలయం వందల మైళ్ళకు పెరిగింది.

బల్లమీద తీగ తెగితే కంటికి కనిపిస్తుంది. వంద మైళ్ళ లైనులో ఎక్కడ తెగిందో ఎలా తెలుస్తుంది? మనిషిని నడిపించి ప్రతి స్తంభాన్నీ చూడమంటే రోజులు పడుతుంది. అందువల్ల కార్యాలయంలో కూర్చునే లైను పరిస్థితి చెప్పగల కొలత అవసరమైంది. 1843లో చార్లెస్ వీట్‌స్టన్ నిరోధాన్ని కొలిచే పద్ధతులపై ప్రసంగించాడు. ఆయన పేరుతో మనం పిలిచే సేతువును నిజానికి 1833లో శామ్యూల్ హంటర్ క్రిస్టీ వివరించాడు. వీట్‌స్టన్ తన ప్రసంగంలో ఆ మాట చెప్పాడు కూడా. 1845లో ఇరవై ఒక్క ఏళ్ళ విద్యార్థి కిర్కాఫ్, కొమ్మలు చీలిన వలయాలకు నియమాలు రాశాడు.

మన దేశంలో వైద్యుడు విలియం ఓషానెసీ 1839లో కలకత్తాలో ప్రయోగాత్మకంగా తంతి లైను వేశాడు. 1851లో కలకత్తా, డైమండ్ హార్బర్‌ల మధ్య లైను పనిచేసింది. 1855 నాటికి కలకత్తా, ఆగ్రా, బొంబాయి, మద్రాసు నగరాలు తంతితో కలిశాయి. ఇక్కడి లైన్లకు ఇంగ్లండు లైన్లకన్నా కఠినమైన పరీక్ష ఎదురైంది. అదే వానాకాలం.

దీన్ని ఒక చిన్న లెక్కతో చూద్దాం. స్తంభంపై తీగను మోసే పింగాణీ బంధకం ఎంత మంచిదైనా తడిసినప్పుడు కొంత విద్యుత్తు భూమిలోకి జారుతుంది. ఒక్కో బంధకం నిరోధం 10 లక్షల ఓమ్‌లు అనుకోండి. ఒక్కదాన్ని చూస్తే ఆ జారుడు లెక్కలోకి రాదు. కానీ లైనులో 1,000 స్తంభాలుంటే ఆ వెయ్యి దారులూ సమాంతరంగా ఉంటాయి. మొత్తం నిరోధం 10,00,000 ÷ 1,000 = 1,000 ఓమ్‌లకు పడిపోతుంది. ఏ ఒక్క స్తంభమూ చెడిపోలేదు, అయినా సందేశం అవతలి కొసకు నీరసంగా చేరుతుంది. లోపం ఎప్పుడూ ఒకే చోట ఉండాలన్న నియమం లేదని దీనివల్ల తెలుస్తుంది.

5. సముద్రం అడుగున ఒక గుణపాఠం

1858 ఆగస్టులో ఐర్లండు, న్యూఫౌండ్లాండ్‌ల మధ్య అట్లాంటిక్ సముద్రం అడుగున తొలి తంతి కేబుల్ వేశారు. రాగి తీగ చుట్టూ గట్టాపర్చా అనే చెట్టుపాల బంక పూత, దానిపై ఇనుప తీగల కవచం. ఆగస్టు 16న విక్టోరియా రాణి అమెరికా అధ్యక్షుడు బుకానన్‌కు పంపిన 98 మాటల సందేశం చేరడానికి దాదాపు 16 గంటలు పట్టింది.

కేబుల్ మొదటినుంచీ ఆరోగ్యంగా లేదు. తొందరలో తయారైంది. గట్టాపర్చా పూత కొన్నిచోట్ల రాగి తీగకు చుట్టూ సమానంగా లేదు. నిలవ ఉంచినప్పుడు ఎండ దెబ్బ తగిలింది. రాగి స్వచ్ఛత కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. రాగి నమూనాల వాహకతలో పెద్ద తేడాలున్నాయని విలియం థామ్సన్, అంటే తరువాతి కెల్విన్ ప్రభువు, 1857లోనే చూపించాడు.

కంపెనీ విద్యుత్ నిపుణుడు వైల్డ్‌మన్ వైట్‌హౌస్ వృత్తిరీత్యా శస్త్రవైద్యుడు. సంకేతం బలహీనంగా వస్తే మరింత బలంగా తోయాలన్నది ఆయన ఆలోచన. పెద్ద ప్రేరణ చుట్టలతో దాదాపు 2,000 వోల్టులు ప్రయోగించాడు. పూత పలుచగా ఉన్నచోట ఆ వోల్టేజి ఏం చేస్తుందో మీరు ఊహించగలరు. కొద్ది వారాల్లోనే కేబుల్ మూగబోయింది. తప్పంతా వైట్‌హౌస్‌దే అనడం న్యాయం కాదు. పుట్టుకతోనే జబ్బున్న కేబుల్‌కు ఆయన చికిత్స ప్రాణాంతకమైంది, అంతే. థామ్సన్ దారి వేరు. పంపే వోల్టేజిని పెంచడం కాక, అందుకునే పరికరాన్ని సున్నితంగా చేయాలన్నాడు. చిన్న అద్దానికి అయస్కాంతం అంటించి, దానిపై పడిన వెలుగు గీత కదలికను చదివే గాల్వనోమీటరును తయారుచేశాడు.

ఇండియాకు కూడా ఈ కథలో భాగముంది. ఎర్రసముద్రం మీదుగా కరాచీకి 1859, 1860 సంవత్సరాలలో వేసిన కేబుల్ ముక్కలు ముక్కలుగా విఫలమైంది. ఆ పనిలో వెర్నర్ సీమెన్స్ నిరోధపు కొలతతో లోపమున్న దూరాన్ని లెక్కగట్టి చూపించాడు. అయినా మొత్తం లైనును కాపాడలేకపోయారు. ఈ రెండు వైఫల్యాలలో భారీగా ధనం నష్టపోయాక బ్రిటిష్ ప్రభుత్వం, అట్లాంటిక్ కంపెనీ కలిసి విచారణ సంఘాన్ని వేశాయి. 1861లో వచ్చిన దాని నివేదిక, కేబుల్ తయారీలో ప్రతి దశలోనూ విద్యుత్ పరీక్షలు జరగాలని స్పష్టం చేసింది.

6. కొలతకు ఒక పేరు

పరీక్షించాలంటే అందరికీ ఒకే కొలత కావాలి. అప్పటివరకు ఒకరు ఫలానా మందం గల రాగి తీగ ఒక మైలు అనేవారు, మరొకరు ఇనుప తీగ కిలోమీటరు అనేవారు. రాగి స్వచ్ఛతే మారుతుంటే అలాంటి కొలతకు విలువ ఏముంటుంది? 1860లో సీమెన్స్ ఒక మీటరు పొడవు, ఒక చదరపు మిల్లీమీటరు అడ్డుకోత గల పాదరసపు స్తంభాన్ని ప్రమాణంగా ప్రతిపాదించాడు. 1861లో బ్రిటిష్ అసోసియేషన్ ఒక సంఘాన్ని నియమించింది. జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ కూడా అందులో పనిచేశాడు. 1865లో ఆ సంఘం ప్రమాణ నిరోధపు చుట్టలను విడుదల చేసింది. 1881లో పారిస్ అంతర్జాతీయ సభ ఓమ్, వోల్ట్, ఆంపియర్ పేర్లను ఆమోదించింది.

ఫలితం సముద్రం మీద కనిపించింది. 1865లో గ్రేట్ ఈస్టర్న్ ఓడ కొత్త కేబుల్‌ను వేస్తున్నంతసేపూ పరీక్ష సాగింది. బంధక నిరోధం పడిపోగానే ఓడను ఆపి కేబుల్‌ను వెనక్కి లాగారు. గట్టాపర్చాలోకి గుచ్చుకున్న చిన్న ఇనుప తీగముక్క దొరికింది. ఆ ఏడు కేబుల్ తెగిపోయినా 1866లో మరొకటి విజయవంతంగా వేశారు. తెగిన పాతదాన్ని కూడా సముద్రం అడుగునుంచి పైకి తీసి అతికారు.

ఆ తరువాత లాటిమర్ క్లార్క్ చేసిన ఒక ప్రయోగం చూడండి. రెండు కేబుళ్ళను న్యూఫౌండ్లాండ్ వైపు ఒకదానితో ఒకటి కలిపించాడు. బట్టలు కుట్టేవారు వేలికి తొడుక్కునే వెండి తొడుగులో కొద్ది చుక్కల ఆమ్లం పోసి, చిన్న జింకు ముక్క ఉంచాడు. ఆ బుల్లి ఘటం పంపిన సంకేతం సముద్రం దాటి, తిరిగి వచ్చి గాల్వనోమీటరులో కనిపించింది. ఎనిమిదేళ్ళ క్రితం 2,000 వోల్టులతో నిలబెట్టలేని పనిని, వలయం ఆరోగ్యంగా ఉన్నప్పుడు వేలి తొడుగంత ఘటం చేసింది.

7. దూరం నుంచే లోపాన్ని పట్టడం

లోపమున్న చోటును లెక్కగట్టే సరళమైన పద్ధతి ఇది. మైలుకు 4 ఓమ్‌ల నిరోధం గల కేబుల్ ఎక్కడో భూమికి తగిలింది. ఒడ్డునుంచి కొలిస్తే 1,200 ఓమ్‌లు వచ్చింది. 1,200 ÷ 4 = 300 మైళ్ళు. అయితే తగిలిన చోట కూడా కొంత నిరోధం ఉంటుంది. కనుక లోపం 300 మైళ్ళకన్నా దగ్గరే ఉంటుంది. ఎంత దగ్గర? ఇక్కడ మళ్ళీ ఓమ్ చెప్పిన "మిగతా భాగాల నిరోధం" అడ్డుపడుతోంది.

దీనికి పరిష్కారం మర్రే వలయ పరీక్ష. లోపమున్న తీగతో పాటు అదే రకం మంచి తీగ మరొకటి ఉందనుకోండి. ఒక్కోటి 30 కిలోమీటర్లు. అవతలి కొసలను కలిపితే 60 కిలోమీటర్ల వలయం అవుతుంది. ఇవతలి రెండు కొసలను వీట్‌స్టన్ సేతువుకు, బ్యాటరీ రెండో కొసను భూమికి కలపాలి. లోపమున్న చోటు వలయాన్ని రెండు భుజాలుగా విడదీస్తుంది. సేతువు తుల్యమైనప్పుడు మంచి తీగ వైపు, చెడ్డ తీగ వైపు నిష్పత్తి 4 : 1 అని వచ్చిందనుకుందాం. అప్పుడు లోపం దూరం 60 × 1 ÷ 5 = 12 కిలోమీటర్లు. లోపం దగ్గరి నిరోధం ఇప్పుడు బ్యాటరీతో శ్రేణిలో ఉంది. అది ముల్లు సున్నితత్వాన్ని తగ్గించగలదు కానీ తుల్యస్థితిని మార్చలేదు. అడ్డుపడుతున్న నిరోధాన్ని తొలగించలేకపోయినా, దాన్ని లెక్కకు తగలని చోటికి జరిపారు.

భారత తంతి శాఖలో 1870లలో లూయీ ష్వెండ్లర్ అనే ఇంజనీరు, లైన్లను పరీక్షించే విధానంపై సిబ్బందికోసం సూచనల గ్రంథం రాశాడు. మన దేశంలో తంతి సేవ 2013 జులైలో ముగిసింది. దాని పరీక్షా పద్ధతులు మాత్రం భూగర్భ కేబుళ్ళ మరమ్మతులో నేటికీ బతికే ఉన్నాయి.

8. మీ చేతిలోని వలయం

ఇప్పుడు టార్చి దగ్గరికి తిరిగి వద్దాం. రెండు సెల్లులు కలిపి 3 వోల్టులు, బల్బు 10 ఓమ్‌లు అనుకుందాం. ఫిలమెంటు వేడినిబట్టి నిరోధం మారుతుంది కానీ లెక్క సులభంగా ఉండటానికి స్థిరమని తీసుకుందాం. ప్రవాహం 3 ÷ 10 = 0.3 ఆంపియర్. బల్బు వాడుకునే సామర్థ్యం 0.9 వాట్.

స్ప్రింగుపై చిలుము 5 ఓమ్‌ల నిరోధం చేర్చిందనుకోండి. ప్రవాహం 3 ÷ 15 = 0.2 ఆంపియర్. బల్బుకు 2 వోల్టులు, చిలుముకు 1 వోల్టు. బల్బు సామర్థ్యం 0.4 వాట్. అంటే సగానికన్నా తక్కువ.

స్విచ్చి ఆపి, ఆ చిలుము మీదుగానే మల్టీమీటరుతో సెల్లుల వోల్టేజి కొలిస్తే ఎంత చూపిస్తుంది? దాదాపు 3 వోల్టులే. మీటరు గుండా పారే ప్రవాహం అతి స్వల్పం కనుక చిలుము దగ్గర వోల్టేజి తగ్గదు. ప్రవాహం లేనప్పుడు చెడ్డ సంధి మంచిదానిలాగే కనిపిస్తుంది. అందుకే వెతికే క్రమం ఇలా ఉండాలి:

(అ) ముందు జనకాన్ని, బల్బు వెలగవలసిన స్థితిలో అంటే స్విచ్చి వేసి కొలవండి. ఓమ్ 1825లో తప్పినది ఇక్కడే.

(ఆ) స్విచ్చి వేసే ఉంచి, ఒక్కో సంధికి రెండు వైపులా వోల్టేజి చూడండి. మంచి సంధి దగ్గర దాదాపు సున్నా రావాలి. 1 వోల్టు వస్తే అదే దోషి.

(ఇ) ప్రవాహమే లేకపోతే వలయం ఎక్కడో తెగింది. శ్రేణి వలయంలో ఒకేచోట తెగితే జనకం వోల్టేజి అంతా ఆ తెగినచోటే కనిపిస్తుంది.

(ఈ) నిరోధం కొలవాలంటే ముందు సెల్లులు తీసివేయండి. ఆంపియర్ల అమరికలో ఉన్న మీటరును బ్యాటరీ రెండు కొసలకు నేరుగా ఎప్పుడూ కలపకండి.

ఒక హెచ్చరిక. ఈ అభ్యాసాన్ని టార్చి సెల్లులతోనే చేయండి. ఇన్వర్టరు, వాహనాల బ్యాటరీలు 12 వోల్టులవే అయినా కొసలు పొరపాటున కలిస్తే వందల ఆంపియర్లు పారి చేతి ఉంగరాన్ని కూడా ఎర్రగా కాల్చగలవు. ఇంటి కరెంటు జోలికి అసలే పోవద్దు.

9. సారాంశం

ఘటమాల నిలకడైన ప్రవాహానికి దారి చూపింది. ఓమ్ తన తప్పుకు కారణం వెతికి నియమాన్ని కనుగొన్నాడు. తంతి, కేబుల్ వైఫల్యాలు ఆ నియమాన్ని రోజువారీ పనిముట్టుగా మార్చి, దానికి ప్రమాణాలు ఏర్పరిచాయి. పనిచేయని వలయం ముందు రెండు దారులుంటాయి: వైట్‌హౌస్ లాగా బలం పెంచడం, లేదా క్లార్క్ లాగా వలయం ఆరోగ్యాన్ని కొలవడం. ఈసారి టార్చి వెలగనప్పుడు సెల్లుల కోసం దుకాణానికి బయలుదేరే ముందు, చిలుము ఎక్కడుందో ఒకసారి కొలిచి చూడండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఓమ్ 1825లో ఇచ్చిన సూత్రం ఎందుకు తప్పింది? ఉష్ణయుగ్మం ఆ ఇబ్బందిని ఎలా తొలగించింది?

2. 1858 కేబుల్ వైఫల్యానికి గల కారణాలను పేర్కొని, వైట్‌హౌస్ బాధ్యత ఎంతవరకో చర్చించండి.

3. ఒక్కోటి 20 కిలోమీటర్ల పొడవు గల రెండు తీగలపై మర్రే పరీక్షలో మంచి తీగ వైపు, చెడ్డ తీగ వైపు నిష్పత్తి 3 : 1 వచ్చింది. లోపం ఎంత దూరంలో ఉంది? (జవాబు: 10 కిలోమీటర్లు)

4. స్విచ్చి ఆపి ఉన్నప్పుడు కొలిచిన వోల్టేజిని నమ్మి సంధి బాగుందని ఎందుకు నిర్ణయించకూడదు?